‘ఛార్జ్’ అన్న మాటకు అన్ని అర్థాలెందుకు? ఎక్కడ ఏ మాట రాయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఖమ్మంలో ఒక లాయరు గారి ఆఫీసులో టైపింగ్ చేస్తూ, కక్షిదారులకు అర్థమయ్యేలా ఇంగ్లిష్ కాగితాలను తెలుగులో రాసిస్తుంటాను. ‘ఛార్జ్’ అన్న మాట వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది. డిక్షనరీలో చూస్తే బోలెడు అర్థాలున్నాయి. గ్రూప్స్‌కి చదివేటప్పుడు కొన్న పర్యాయపదాల పుస్తకంలో ఫీ, కాస్ట్, అక్యూజ్, అటాక్, డ్యూటీ, లోడ్ అని ఒకే వరసలో ఇచ్చారు. ఇవన్నీ ఒక్కటేనా? ఒకదాని బదులు ఇంకొకటి రాయొచ్చా? తొమ్మిదో తరగతి చదివే మా బాబు ‘ఛార్జ్ అంటే ఆవేశం కదమ్మా’ అంటాడు. ఈ మధ్య మూడు వాక్యాలు తప్పు రాశానని మా సార్ వెనక్కి ఇచ్చారు. ‘ది అక్యూజ్డ్ ఈజ్ డిశ్చార్జ్డ్’ అంటే ‘ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు’ అని రాశాను. ‘ద చైల్డ్ షల్ రిమైన్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద మదర్’ అంటే ‘బిడ్డ తల్లికి ఇన్‌ఛార్జిగా ఉండాలి’ అని రాశాను. ‘ద ల్యాండ్ ఈజ్ ఛార్జ్డ్ విత్ ద పేమెంట్ ఆఫ్ మెయింటెనెన్స్’ అంటే ‘భూమి నిర్వహణకు ఛార్జీలు చెల్లించాలి’ అని రాశాను. అర్థాలన్నీ బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?
— ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, బట్టీ పట్టకండి. పట్టినా నిలవదు, నిలిచినా కాగితం ముందు కూర్చున్నప్పుడు ఏ అర్థం తీసుకోవాలో తేలదు. మీ వాక్యాలు మూడూ చూశాను. ఇంగ్లిష్ రాక జరిగిన తప్పులు కావవి. ఛార్జీ, ఇన్‌ఛార్జి, డిశ్చార్జి అనే మాటలు తెలుగులో మనకు ఎప్పటినుంచో అలవాటు. ఆ అలవాటు అర్థమే ముందు గుర్తొచ్చి, అసలు వాక్యం చెబుతున్నదాన్ని మరుగుపరిచింది. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లూ ఇక్కడే పడతారు, కాబట్టి తెలుగు మీడియం అని చిన్నబుచ్చుకోకండి.

ముందు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. లాటిన్‌లో చక్రాల బండిని ‘కర్రుస్’ అనేవారు. ఇప్పటి ఫ్రాన్స్ వైపున్న గాల్ ప్రాంతపు కెల్టు జనం దగ్గర నుంచి తీసుకున్న మాట అది. బండికి బరువెత్తడాన్ని ‘కర్రికారే’ అన్నారు. అదే పాత ఫ్రెంచిలో మారి, 13వ శతాబ్దంలో ‘ఛార్జ్’గా ఇంగ్లిష్‌లోకి చేరింది. కార్, క్యారీ, కార్గో దీనికి చుట్టాలే. పత్రికల్లో నాయకుల ముక్కులూ చెవులూ పెంచి గీసే క్యారికేచర్ కూడా ఈ ఇంటి మాటే. ఇటాలియన్‌లో బరువెత్తడం, అతి చేయడం రెండింటికీ ఒకే క్రియ ఉండటంతో అలా వచ్చింది.

అంటే ‘ఛార్జ్’ మూలార్థం బరువెత్తడం. డిక్షనరీలో మీకు విడివిడిగా కనిపించిన అర్థాలన్నిటికీ ఇదే వేరు. మనిషి మీద నేరం పెడితే అభియోగం. పని పెడితే బాధ్యత. డబ్బు పెడితే రుసుము. తుపాకీలో మందు పెట్టినా ఇదే మాట, బ్యాటరీలో కరెంటు పెట్టినా ఇదే మాట.

ఇది మనకు కొత్త కూడా కాదు. నేరం ‘మోపారు’ అంటాం. బాధ్యత నా మీద ‘మోపారు’ అంటాం. పెళ్లి ఖర్చు ‘తడిసి మోపెడైంది’ అంటాం. గడ్డిమోపులో, కట్టెలమోపులో ఉన్న మోపే అది. కార్యభారం, పన్నుల భారం, ఖర్చు నెత్తిన పడటం, బాధ్యత తలకెత్తుకోవడం, అన్నీ బరువు లెక్కలే. అందుకని ‘ఛార్జ్’ కనబడగానే ఒక్కటి అడగండి: ఇక్కడ ఎవరి మీద ఏ బరువు పడుతోంది? జవాబు దొరికితే తెలుగు మాట దానంతటదే వస్తుంది.

డబ్బు దగ్గర మొదలుపెడదాం. మనం ఎక్కువ తడబడేది ఇక్కడే. తెలుగులో బస్సు ఛార్జీలు, ఆటో ఛార్జీలు అంటాం. తెలుగులో అది తప్పేం కాదు, పత్రికలన్నీ అలాగే రాస్తాయి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం ప్రయాణానికి ఇచ్చే డబ్బు ‘ఫేర్’. పాత ఇంగ్లిష్‌లో ప్రయాణం చేయడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. బడిలో ‘ఫేర్‌వెల్’ పార్టీ అంటామే, అందులోని ఫేర్ ఇదే. క్షేమంగా వెళ్లమని చెప్పడం. డాక్టరుకీ, లాయరుకీ, స్కూలుకీ ఇచ్చేది ‘ఫీ’. దాని బహువచనమే మన నోట ‘ఫీజు’ అయింది. రోడ్డు మీద, వంతెన మీద కట్టేది ‘టోల్’. కరెంటుకి యూనిట్ ఎంతని నిర్ణయించిన ధరల పట్టిక ‘టారిఫ్’.

ప్రైస్, కాస్ట్, ఛార్జ్ మధ్య తేడా తెలియాలంటే టైలరు దగ్గరికి వెళ్లి చూడండి. కొట్లో జాకెట్టు గుడ్డకు ఇచ్చింది ప్రైస్. కుట్టినందుకు టైలరు అడిగేది ఛార్జ్. గుడ్డ, లైనింగు, కుట్టుకూలీ అన్నీ కలిపి చివరికి మీ చేతి నుంచి పోయింది కాస్ట్. వస్తువుకుండేది ప్రైస్, చేసిన పనికి అడిగేది ఛార్జ్. బంగారం కొట్లో మేకింగ్ ఛార్జీలు అంటారే, మన పెద్దవాళ్లు దాన్నే మజూరీ అన్నారు. ఎంతో చక్కటి మాట, వాడకం తగ్గిపోతున్నందుకు బాధగా ఉంటుంది.

మీ కరెంటు బిల్లు ఒకసారి తీసి చదవండి. వాడినదానికి ఎనర్జీ ఛార్జీలు, వాడినా వాడకపోయినా కట్టాల్సిన ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఆ తర్వాత ఎలక్ట్రిసిటీ డ్యూటీ కనిపిస్తాయి. కరెంటు ఇచ్చినందుకు సంస్థ అడిగేది ఛార్జ్, ప్రభుత్వానికి పోయే పన్ను డ్యూటీ. హోటల్ బిల్లులోనూ ఇదే తేడా ఉంది, ఇది తెలియకే చాలామంది అనవసరంగా డబ్బు కడుతున్నారు. జీఎస్టీ పన్ను, దాన్ని కట్టి తీరాలి. ‘సర్వీస్ ఛార్జ్’ పన్ను కాదు, హోటల్ వాళ్లు తమకోసం కలుపుకునేది. మనల్ని అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే తీసేయమని మర్యాదగా అడగండి.

ఇక మీ ఆఫీసు పనికొద్దాం. ఇక్కడ ఒక్క మాట తప్పితే ఒక మనిషి బతుకు మీదికే రావచ్చు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఎవరైనా ఎవరి గురించైనా ‘ఫలానా తప్పు చేశాడు’ అంటే అది ‘అలెగేషన్’, ఆరోపణ. నువ్వే చేశావని వేలెత్తి చూపడం ‘అక్యూజ్’. జరిగినదానికి కారణం నువ్వేనని తప్పు ఒకరి మీద వేయడం ‘బ్లేమ్’. దీనికి పోలీసులు, కోర్టులు అక్కర్లేదు, ఇంట్లో పాలు పొంగిపోయినా బ్లేమ్ చేస్తాం. క్రిమినల్ చట్టంలో ‘ఛార్జ్’ అంటే ఫలానా చట్టం, ఫలానా సెక్షన్ కింద ఫలానా నేరమని స్పష్టంగా రాసి మోపేది. తెలుగులో దానికి ‘అభియోగం’ ఉంది. ఆరోపణనీ అభియోగాన్నీ ఎప్పుడూ కలపకండి.

మన దేశంలో దీనికి మెట్లున్నాయి. ఎఫ్‌ఐఆర్ నమోదవడంతోనే మనిషి ‘ఛార్జ్డ్’ అయిపోడు, అప్పటికి కేసు పెట్టారు, అంతే. దర్యాప్తు అయ్యాక పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీటు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షన్ కింద వేసే దీన్ని చట్టం ‘పోలీసు రిపోర్టు’ అంటుంది. ఆ కాగితాలు చూశాక కోర్టు తగిన ఆధారం ఉందనుకుంటే అభియోగాలు నమోదు చేస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఫ్రేమింగ్ ఆఫ్ ఛార్జెస్’ అనేది ఈ మెట్టునే. ఉద్యోగుల మీద శాఖాపరమైన చర్య తీసుకునేటప్పుడు ఇచ్చే ఛార్జి మెమో వేరు, అందులో కోర్టు ప్రమేయం ఉండదు. కాబట్టి ‘ఛార్జ్డ్’ అన్న మాట వచ్చినప్పుడు కేసు ఏ మెట్టు మీద ఉందో మీ సార్‌ని అడిగి రాయండి. అడగడం నామోషీ కాదు, మీ పనిలో భాగం.

మీ మొదటి వాక్యం ఇక్కడే చిక్కుబడింది. ‘డిశ్చార్జ్’ అంటే ఎత్తిన బరువు దించడం. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపడమూ, బ్యాటరీ అయిపోవడమూ, ప్రాజెక్టు గేట్లెత్తి క్యూసెక్కుల్లో నీళ్లు వదలడమూ, పుండు నుంచి చీము కారడమూ అన్నిటికీ ఈ మాటే. కోర్టులో మాత్రం దీనికి కచ్చితమైన హద్దు ఉంది. అభియోగం మోపడానికే తగిన ఆధారం లేదని తేలితే, విచారణ మొదలవకముందే ముద్దాయిని కేసు నుంచి తప్పించడం డిశ్చార్జ్. విచారణ పూర్తిగా జరిగి, సాక్ష్యాలు విని, నేరం రుజువు కాలేదని తీర్పిస్తే అది ‘అక్విటల్’. ‘నిర్దోషిగా విడుదల’ అనాల్సింది దీన్నే. అక్విట్ అయిన మనిషిని ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. డిశ్చార్జ్ అయిన మనిషికి ఆ రక్షణ లేదు. కొత్త ఆధారాలు దొరికితే కేసు మళ్లీ రావచ్చు. మీరు రాసిన తెలుగు వాక్యం చదివిన కక్షిదారు ఇక గండం గడిచిందని నిశ్చింతగా ఉండిపోతాడు, అసలు సంగతి అది కాదు. ‘ముద్దాయిపై అభియోగం మోపేందుకు తగిన ఆధారం లేదని కోర్టు అతన్ని కేసు నుంచి తప్పించింది’ అని రాయండి. కొంచెం పొడుగైనా పరవాలేదు.

మీ పర్యాయపదాల పుస్తకం గురించి ఒక మాట. అలాంటి పుస్తకాల్లో బాగా పేరున్నదాన్ని 1852లో రోజెట్ అనే వైద్యుడు ఇంగ్లండ్‌లో ప్రచురించాడు. మాటల్ని అక్షర క్రమంలో కాక భావాల వారీగా గుంపులు కట్టాడు. నోటిదాకా వచ్చి ఆగిన మాటను వెతుక్కునేవాళ్లకు అది బాగా పనికొస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ వరసలో ఏ మాట ఎక్కడ వాడాలో తెలియదు. పరీక్షల కోసం అచ్చేసే పుస్తకాలు ఆ కాస్త వర్గీకరణ కూడా లేకుండా ఫీ పక్కన అటాక్ రాసేస్తాయి. దాన్ని పక్కన పెట్టి, ప్రతి అర్థానికీ ఉదాహరణ వాక్యం ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ ఒకటి కొనుక్కోండి. అందులో మీరు ముఖ్యంగా చూడాల్సింది ‘ఛార్జ్’ వెనక వచ్చే చిన్న మాట. నేరమైతే ‘ఛార్జ్డ్ విత్’. అదే అక్యూజ్ అయితే ‘ఆఫ్’, బ్లేమ్ అయితే ‘ఫర్’. డబ్బు అడగడానికి ‘ఛార్జ్ ఫర్’. అందుకే ‘ఛార్జ్డ్ ఫర్ తెఫ్ట్’ అని రాస్తే దొంగతనానికి బిల్లు వేసినట్టు ఉంటుంది. మీదికి దూసుకురావడమైతే ‘ఛార్జ్ ఎట్’. పర్యాయపదం మార్చాలనుకున్నప్పుడు వెనకున్న ఈ చిన్న మాటను కూడా మార్చగలిగితేనే మార్చండి.

చిన్న మాటల బలం మీ రెండో వాక్యంలో బాగా కనిపిస్తుంది. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే బాధ్యత మోసేవారు. మధ్యలో ‘ద’ చేరి ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’ అయితే మొత్తం తిరగబడుతుంది, ఆ బాధ్యత కింద ఉన్నవారు అవుతుంది. తల్లి బిడ్డకు ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’, బిడ్డ తల్లికి ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’. కాబట్టి మీ వాక్యం ‘బిడ్డ తల్లి సంరక్షణలోనే ఉండాలి’.

మన ‘ఇన్‌ఛార్జి’కి ఇంకో తిరకాసు ఉంది. ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టర్ అంటే మనవాళ్లకు ‘అసలాయన వచ్చేదాకా చూసుకునే మనిషి’ అని అర్థం. ఇంగ్లిష్‌లో ఆ తాత్కాలికత లేదు, బాధ్యత ఎవరిదో చెబుతుంది అంతే. తాత్కాలికమని చెప్పాలంటే ‘యాక్టింగ్’ అనో ‘ఇంటరిమ్’ అనో రాయాలి. తాత్కాలికం అనే ఛాయ ఉన్న పదవి పేరు ఒకటి దౌత్యంలో ఉంది: ఛార్జ్ డి అఫైర్స్. ఫ్రెంచి మాట, పనుల భారం మోసేవాడు అని. 2019 ఆగస్టులో భారత్, పాకిస్థాన్ దౌత్య సంబంధాల స్థాయి తగ్గించుకున్నప్పటి నుంచి రెండు దేశాల హైకమిషన్లనూ హైకమిషనర్లు కాక ఈ హోదా వాళ్లే నడుపుతున్నారు.

మీ బాబు చెప్పింది నిజమే, ముందు వాణ్ణి మెచ్చుకోండి. భౌతికశాస్త్రంలో ఛార్జ్ అంటే ఆవేశం. ధనావేశం, రుణావేశం అని పాఠాల్లో ఉంటుంది. 18వ శతాబ్దం మధ్యలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాంటివాళ్లు గాజు సీసాల్లో విద్యుత్తు నింపే ప్రయోగాలు చేస్తూ తుపాకుల మాటల్నే వాడుకున్నారు. తుపాకీలో మందు దట్టించినట్టే సీసాను ‘ఛార్జ్’ చేయడం. ఫిరంగుల వరసకు వాడే ‘బ్యాటరీ’ అన్న మాటను విద్యుత్తు నింపే గాజు పరికరాల వరసకు పెట్టింది ఫ్రాంక్లినే. వాడికి ఇంకొకటి చెప్పండి: ఫోను పెట్టె మీద 5000 ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్ అవర్లు, అని ఉంటుందే, అది ఆవేశం కొలతే. ఆవేశాన్ని కొలిచే ప్రమాణమైన కూలుంబుల్లో లెక్కగడితే 18,000. 5 ఆంపియర్లను గంటలోని 3600 సెకన్లతో ఎందుకు గుణించాలో వాణ్ణే చెప్పమనండి.

మందు దట్టించడం నుంచే పేలుడు పదార్థానికీ ఛార్జ్ అన్న పేరొచ్చింది. విశాఖ వాళ్లకు ‘డెప్త్ ఛార్జ్’ అంటే తెలిసే ఉంటుంది, జలాంతర్గాముల కోసం నీటి లోతున పేల్చేది. 1971 డిసెంబర్‌లో విశాఖ తీరాన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వాటితోనే ముంచిందని భారత నౌకాదళం చెబుతుంది. ఇక ఏనుగు మీదికి రావడం, గుర్రపు దళం దూకడం కూడా ఛార్జే. ఆయుధం సిద్ధం చేసుకుని దూకడం నుంచి ఆ అర్థం వచ్చిందని భాషావేత్తల ఊహ. మన లాఠీఛార్జి ఇందులోదే. భారతదేశపు ఇంగ్లిష్‌లో పుట్టిన జంటపదం. తెలుగులో దాన్ని అలాగే ఉంచండి, ‘లాఠీదాడి’ అని మార్చక్కర్లేదు.

‘రీఛార్జ్’ అంటే అందరికీ ఫోనే గుర్తొస్తుంది. వ్యవసాయ శాఖ కాగితాల్లో ‘గ్రౌండ్‌వాటర్ రీఛార్జ్’ అని వస్తే మాత్రం నీరు ఇంకించడం అని రాయండి. ఇంకుడు గుంత అనే మాట మన పల్లెల్లో పాతుకుపోయి ఉండగా వేరే మాట వెతకడం ఎందుకు?

ఇక మిగిలింది మీ మూడో వాక్యం. మూడింటిలో కష్టమైనది ఇదే, దీంట్లో తప్పినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. మొదట ‘మెయింటెనెన్స్’. కుటుంబ కేసుల్లో అది నిర్వహణ కాదు. భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో ఇచ్చే భరణం. కోర్టు కాగితాల్లో మనోవర్తి అని కూడా రాస్తారు. ఇక ‘ఛార్జ్’. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 100వ సెక్షన్ చదివితే ఈ అర్థం దొరుకుతుంది. ఒకరి స్థిరాస్తి ఇంకొకరికి రావలసిన డబ్బుకు హామీగా ఉండి, అది తాకట్టు కిందికి రాకపోతే, ఆ డబ్బు రావలసిన మనిషికి ఆస్తి మీద ‘ఛార్జ్’ ఉందంటారు. తాకట్టులో ఆస్తి మీద కొంత హక్కే అవతలి వారికి బదిలీ అవుతుంది. ఛార్జ్‌లో అలా బదిలీ కాదు. భూమి యజమానిదే, కానీ ఆ భూమి నెత్తిన ఒక బాకీ కూర్చుని ఉంటుంది. భరణం ఇచ్చే మనిషి మొండికేస్తే, ఆ భూమి నుంచి రాబట్టుకోమని కోర్టుకు వెళ్లే దారి భరణం రావలసిన వారికి ఉంటుంది.

మన వైపు భూములు కొనేవాళ్లు ఈసీ తీయించుకుంటారు కదా, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. ఆ ఎన్‌కంబ్రెన్స్‌కు కూడా అర్థం భారమే. రిజిస్టరయిన తాకట్లు, ఛార్జ్‌లు అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని డిక్రీ, అంటే సివిల్ కోర్టు తీర్పు ఉత్తర్వు, అందులో కనిపించకపోవచ్చు, కాబట్టి ఈసీ శుభ్రంగా ఉందని ఆగిపోకుండా కేసులున్నాయేమో కూడా విచారించాలి. మీ దగ్గరికి వచ్చే కక్షిదారులకు ఈ తేడా చెప్పగలిగితే చాలామందికి మేలు చేసినవారవుతారు.

ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘భరణం చెల్లింపునకు హామీగా ఈ భూమిపై భారం ఏర్పరచడమైనది’. ‘భారం’ పక్కన ‘ఛార్జ్’ అని తెలుగు అక్షరాల్లో ఒకసారి రాయండి, రేపు కక్షిదారు రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆ మాటే వినబడుతుంది. మీ సార్‌కి చూపించి, డిక్రీలో భూమి హద్దులు, సర్వే నంబరు, నెలకు ఇవ్వాల్సిన మొత్తం ఎలా ఉన్నాయో సరిచూసుకున్నాకే టైపు చేయండి.